సీటొచ్చింది... వీసా వచ్చింది... మరి టిక్కెట్ మాటేమిటి?

ఖమ్మం: జూన్ ముగిసిందంటే జిల్లాలో విదేశీ ప్రయాణాల హడావుడి మొదలవుతుంది. ఆగస్టు చివరి వారాల్లో అమెరికాలో తరగతులు ఆరంభమవుతాయి. సెప్టెంబరులో బ్రిటన్, ఐర్లాండ్ విశ్వవిద్యాలయాలు తలుపులు తెరుస్తాయి. ఏ విశ్వవిద్యాలయంలో చేరాలన్న ఆలోచనకు ఏడాది, బ్యాంకు రుణానికి నెలల తరబడి సమయం వెచ్చించే కుటుంబాలు, విమాన టిక్కెట్ విషయంలో మాత్రం ఒకే ఒక్క సాయంత్రం కూర్చుని తేల్చేస్తున్నాయి. తెరపై అన్నింటికన్నా కింద కనిపించిన ధరను చూసి డబ్బు చెల్లిస్తున్నాయి. అలా కొన్న చౌక టిక్కెట్టే ఒక్కోసారి అన్నింటికన్నా ఖరీదైన టిక్కెట్‌గా పరిణమిస్తోంది. పొలం తాకట్టు పెట్టి, వడ్డీకి తెచ్చి పంపే ఇళ్లలో అలా పోయిన సొమ్ము, విద్యార్థికి అక్కడ మొదటి నెల ఇంటి అద్దెతో సమానం. కావున టిక్కెట్ ధరను కాకుండా, ఇంటి గడప నుంచి అక్కడి వసతి గృహం గుమ్మం వరకు అయ్యే మొత్తం ఖర్చును లెక్క వేసుకోవడం అవసరం.

ఆగస్టులోనే ఎందుకంత ధర?

ఆగస్టు మొదటి మూడు వారాల్లో ఇక్కడి నుంచి అమెరికా వెళ్లే విమానాలకు రెండు వైపుల నుంచి గిరాకీ వస్తుంది. కొత్తగా చేరే విద్యార్థులు ఒక వర్గం. వేసవి సెలవులకు పిల్లలతో స్వగ్రామాలకు వచ్చి, బడులు తెరిచేలోగా తిరుగుముఖం పట్టే ప్రవాస కుటుంబాలు రెండో వర్గం. సీట్లు అవే, ఎక్కేవారు రెట్టింపు. విమానయాన సంస్థలు ఒకే విమానంలోని సీట్లను పలు ధరల శ్రేణులుగా విభజించి విక్రయిస్తాయి. తక్కువ శ్రేణి నిండగానే పై శ్రేణి ధర కనిపిస్తుంది. నిన్న చూసిన ధర నేడు లేదని ఏజెంటును తప్పుపట్టడం అందుకే సరికాదు.

అయితే విద్యార్థికి తేదీని కొంత ముందుకు జరుపుకునే వెసులుబాటు ఉంది. ఎఫ్-1 వీసాపై వెళ్లేవారు ఐ-20 పత్రంలో పేర్కొన్న కోర్సు ప్రారంభ తేదీకి 30 రోజుల ముందు నుంచి అమెరికాలో అడుగు పెట్టవచ్చు. అంతకు ఒక్క రోజు ముందు దిగినా అనుమతించరు. బ్రిటన్‌లో ఆరు నెలలకు మించిన కోర్సయితే నెల రోజులు, అంతకు తక్కువైతే వారం రోజులు ముందుగా వెళ్లవచ్చు. ప్రారంభ తేదీ ఆగస్టు 24 అనుకుంటే, జూలై చివరి వారంలోనే బయలుదేరే అవకాశం ఉన్నట్లు. టిక్కెట్‌లో మిగిలేది, అక్కడ అదనంగా ఉండే రోజుల అద్దె, రెండూ పక్కపక్కన వేసి చూసుకోవాలి. వసతి గృహం ఏ తేదీ నుంచి ఇస్తారో తెలుసుకోకుండా ముందుగా వెళితే టిక్కెట్‌లో మిగిలినది హోటల్ పాలవుతుంది.

వారాంతపు విమానాల కన్నా వారం మధ్యలో బయలుదేరే వాటి ధర తరచూ తక్కువగా ఉంటుంది. మంగళవారం ప్రయాణం కూడదని, అమావాస్య అడ్డని వెనుకాడే ఇళ్లు మన జిల్లాలో తక్కువేమీ కాదు. పట్టింపును కాదనలేం గానీ, దాని ఖరీదెంతో కూడా ఒకసారి చూసుకుంటే మంచిది.

వీసా ముందా? టిక్కెట్ ముందా?

ధర పెరిగిపోతుందన్న భయంతో వీసా ఇంటర్వ్యూకు ముందే టిక్కెట్ కొనేవారున్నారు. ఇందులోని ప్రమాదం 2025లో అందరికీ తెలిసివచ్చింది. ఆ ఏడాది మే చివరి వారంలో అమెరికా కొత్త విద్యార్థి వీసా ఇంటర్వ్యూల తేదీలు ఇవ్వడాన్ని నిలిపివేసింది. తిరిగి ప్రారంభిస్తున్నట్లు జూన్ 18న ప్రకటించింది. ఇంటర్వ్యూ తేదీలు జరిగాయంటే ప్రయాణాలూ జరగక తప్పదు. ఒకప్పుడు వీసా కోసం చెన్నై వెళ్లి రావలసి వచ్చేది. 2009 నుంచి హైదరాబాద్‌లోనే ఆ సౌకర్యం ఉంది. దూరం తగ్గినా అనిశ్చితి మాత్రం తగ్గలేదు.

వీసా ముద్రతో పాస్‌పోర్టు చేతికి వచ్చాకే డబ్బు చెల్లించడం క్షేమం. ముందుగా కొనక తప్పదనుకుంటే టిక్కెట్ షరతులను చదివి కొనాలి. తేదీ మార్పునకు సంస్థ రుసుమెంతో అడిగి ఊరుకునేవారే ఎక్కువ. అసలు భారం అక్కడ లేదు. మార్చుకున్న రోజున అమల్లో ఉన్న ధరకు, మనం చెల్లించిన ధరకు మధ్య తేడాను కూడా కట్టాలి. జూన్‌లో కొన్న టిక్కెట్‌ను ఆగస్టు రెండో వారానికి మార్చుకుంటే రుసుము కన్నా ఆ తేడాయే ఎక్కువ కావచ్చు. ‘తేదీ మార్పు ఉచితం’ అన్న టిక్కెట్లకూ ఈ తేడా సాధారణంగా వర్తిస్తుంది.

కొంత రక్షణ కూడా లేకపోలేదు. అమెరికాకు వెళ్లే విమానానికి ప్రయాణం వారం లేదా అంతకు మించి ఉండగా, నేరుగా విమానయాన సంస్థ వద్దే టిక్కెట్ కొంటే, 24 గంటల్లోగా రద్దు చేసుకుని పూర్తి సొమ్ము పొందే వీలును లేదా డబ్బు కట్టకుండా అదే ధరను 24 గంటలు నిలిపి ఉంచుకునే వీలును సంస్థ కల్పించాలని అక్కడి రవాణా శాఖ నిబంధన. ఏజెంటు వద్ద గానీ, ఇతర వెబ్‌సైట్లలో గానీ కొన్నవారికి ఈ హక్కు వర్తించకపోవచ్చు. మన దేశీయ సంస్థల విషయానికొస్తే, సొమ్ము వాపసు లేని టిక్కెట్‌ను రద్దు చేసుకున్నా పన్నులు, విమానాశ్రయ రుసుములను తిరిగి ఇవ్వాలని పౌర విమానయాన డైరెక్టరేట్ నిబంధనల్లో ఉంది. అడిగితేనే గానీ ఆ సొమ్ము గురించి ఎవరూ చెప్పరు.

రెండు టిక్కెట్ల లెక్క

ఎక్కువ మంది నష్టపోయేది ఇక్కడే. ఒక విద్యార్థి హైదరాబాద్ నుంచి అమెరికాలోని కాన్సాస్ సిటీకి వెళ్లాలనుకుందాం. చివరి వరకు ఒకే టిక్కెట్ రూ. 92 వేలు, రెండు పెట్టెలు ఉచితం. మరోచోట న్యూయార్క్ వరకే రూ. 74 వేలు, పెట్టె ఒక్కటే ఉచితం. రూ. 18 వేలు మిగిలాయన్న సంతోషంతో రెండోది కొంటారు. రెండో పెట్టెకు రూ. 12 వేలు, న్యూయార్క్ నుంచి కాన్సాస్ సిటీకి వేరే సంస్థ టిక్కెట్ రూ. 11 వేలు అయిందనుకోండి. అమెరికాలోని దేశీయ విమానాల్లో చాలా వరకు తొలి పెట్టెకూ రుసుము ఉంటుంది. రెండింటికీ కలిపి రూ. 7 వేలు. మొత్తం రూ. 1.04 లక్షలు. ఈ అంకెలు ఉదాహరణకు తీసుకున్నవే. ఎవరికి వారు తమ టిక్కెట్ అంకెలను ఇదే వరుసలో రాసి చూసుకోవాలి.

డబ్బుతో పోయేదయితే సర్దుకోవచ్చు. రెండు వేర్వేరు టిక్కెట్లపై వెళ్తున్నప్పుడు మొదటి విమానం ఆలస్యమై రెండోది తప్పిపోతే, రెండో సంస్థకు బాధ్యత ఉండదు. ఆ టిక్కెట్ పోయినట్లే. ఒకే పీఎన్‌ఆర్‌పై ఉంటే తదుపరి విమానంలో చేర్చవలసిన బాధ్యత సంస్థదే. 2025 జూన్‌లో పశ్చిమాసియాలో గగనతలం మూతపడి గల్ఫ్ మీదుగా నడిచే విమానాలు దారి మళ్లినప్పుడు ఈ రెండింటి మధ్య తేడా ఎంతటిదో స్పష్టమైంది.

మరొక విషయం. చివరి ఊరి వరకు పెట్టెలకు చీటీ వేసినా, అమెరికాలో తొలుత దిగిన విమానాశ్రయంలోనే ఇమిగ్రేషన్ తనిఖీ జరుగుతుంది. అక్కడే పెట్టెలు తీసుకుని, కస్టమ్స్ దాటి, మళ్లీ అప్పగించాలి. గంటన్నర వ్యవధి ఉన్న కనెక్టింగ్ విమానం తొలిసారి వెళ్లేవారికి సరిపోదు. మూడు గంటలైనా ఉండేలా చూసుకోవాలి. అబుదాబి మీదుగా వెళ్లే వారికి మాత్రం ఈ తనిఖీ అక్కడే పూర్తవుతుంది. 2014 నుంచి అమెరికా అధికారులు అక్కడ కేంద్రాన్ని నిర్వహిస్తున్నారు.

మధ్యలో దిగే దేశం ఏది?

టిక్కెట్ చౌకగా ఉందని యూరప్ మీదుగా కొనే ముందు ఆ దేశంలో విమానం మారేందుకు ట్రాన్సిట్ వీసా అవసరమో కాదో చూసుకోవాలి. చెల్లుబాటులో ఉన్న అమెరికా, కెనడా వీసాలున్న భారతీయులకు బ్రిటన్‌లోనూ, పలు యూరప్ దేశాల్లోనూ మినహాయింపు ఉంది. అయితే వేర్వేరు టిక్కెట్లపై వెళ్తూ, పెట్టెలు తీసుకోవడానికి ఇమిగ్రేషన్ దాటి బయటకు రావలసి వస్తే నిబంధనలు వేరు. సెలవులకు ఇంటికి వచ్చే సమయానికి పాస్‌పోర్టులోని వీసా గడువు ముగిసినవారు మరింత జాగ్రత్తగా ఉండాలి. చదువు కొనసాగుతున్నంత మాత్రాన మధ్యలోని దేశం మినహాయింపు ఇస్తుందని అనుకోరాదు. ఈ నిబంధనలు తరచూ మారుతుంటాయి. సంబంధిత రాయబార కార్యాలయం వెబ్‌సైట్‌లో చూసుకున్నాకే డబ్బు చెల్లించాలి.

ఇంటి పేరు చిక్కులు

తెలుగువారికి ప్రత్యేకంగా ఎదురయ్యే ఇబ్బంది ఇది. మన పేర్లలో ఇంటి పేరు ముందు, సొంత పేరు తరువాత. పాస్‌పోర్టులో ఆ రెంటికీ వేర్వేరు గడులుంటాయి. కొందరి పాస్‌పోర్టుల్లో ఇంటి పేరు గడి ఖాళీగా ఉండి, పేరంతా ఒకే గడిలో ఉంటుంది. అటువంటి వారి అమెరికా వీసాపై పేరంతా ఇంటి పేరు స్థానంలోకి వెళ్లి, సొంత పేరు స్థానంలో ‘ఎఫ్ఎన్‌యూ’ అన్న మూడు అక్షరాలు కనిపిస్తాయి. పేరు తెలియదని దాని అర్థం. టిక్కెట్‌ను పదో తరగతి ధ్రువపత్రం చూసి కాదు, పాస్‌పోర్టు చూసి తీసుకోవాలి. ఇంటి పేరు గడి ఖాళీగా ఉన్నవారు ఎలా రాయాలో ముందుగా విమానయాన సంస్థనే అడగాలి. చిన్న అక్షర దోషాన్ని సరిదిద్దుతారు గానీ, పేరే మారిందంటే కొత్త టిక్కెట్ కొనమనే సంస్థలున్నాయి.

విద్యార్థి రాయితీ ఉందా?

ఎయిర్ ఇండియా, ఇండిగో, ఎమిరేట్స్, ఖతార్ వంటి పలు సంస్థలు విద్యార్థులకు ధరలో కొంత తగ్గింపును గానీ, అదనపు సామానును గానీ ఇస్తున్నాయి. ధర తగ్గింపు కన్నా అదనపు పెట్టెయే ఎక్కువ విలువైనదిగా తేలుతుంది. ఇందుకు ప్రవేశ పత్రం లేదా వీసా చూపాలి. కొన్నింటికి వయోపరిమితి ఉంది. విమానాశ్రయంలో కౌంటరు వద్ద అడిగితే ఇవ్వరు, టిక్కెట్ కొనేటప్పుడే విద్యార్థి విభాగాన్ని ఎంచుకోవాలి. ఒకే విశ్వవిద్యాలయానికి వెళ్లే నలుగురైదుగురు కలిసి టిక్కెట్లు తీసుకోవడమూ జరుగుతోంది. తొలి ప్రయాణంలో తోడు దొరకడం మేలే. కానీ ఏజెంట్లు ఇచ్చే బృంద టిక్కెట్లలో తేదీ మార్పు వీలుకాకపోవచ్చు. నలుగురిలో ఒకరి వీసా ఆగినా ఇబ్బందే.

ఏజెంటు ఇచ్చిన కాగితం టిక్కెట్టేనా?

విమానం పేరు, తేదీ, ఆరక్షరాల పీఎన్‌ఆర్ ఉన్న కాగితాన్ని చేతిలో పెట్టి పూర్తి సొమ్ము తీసుకునే ఏజెంట్లున్నారు. పీఎన్‌ఆర్ ఉన్నంత మాత్రాన టిక్కెట్ జారీ అయినట్లు కాదు. అది కొద్ది గంటలు లేదా రోజులు సీటును పట్టి ఉంచిన కాగితం మాత్రమే కావచ్చు. జారీ అయిన టిక్కెట్‌కు 13 అంకెల సంఖ్య ఉంటుంది. తొలి మూడు అంకెలు సంస్థను తెలుపుతాయి. ఎయిర్ ఇండియాకు 098, ఎమిరేట్స్‌కు 176, ఖతార్‌కు 157. ఆ సంఖ్య కాగితంపై లేకుంటే సొమ్ము ఇవ్వకూడదు. ఉన్నా, అదే రోజు సంస్థ వెబ్‌సైట్‌లో పీఎన్‌ఆర్, ఇంటి పేరు నమోదు చేసి సరిచూసుకోవాలి. వారం తరువాత మరోసారి చూడటంలో తప్పులేదు. తెలిసినవాడే కదా అన్న మొహమాటం ఇక్కడ పనికిరాదు.

పెట్టెలో ఆవకాయ

అమెరికాకు సాధారణంగా ఒక్కొక్కటి 23 కిలోల చొప్పున పెట్టెలను లెక్కిస్తారు. కొన్ని ఇతర దేశాలకు మొత్తం బరువును చూస్తారు. 46 కిలోల అవకాశం ఉన్నా, ఒక పెట్టె 27, మరొకటి 19 ఉంటే కుదరదు. కౌంటరు ముందు పెట్టెలు విప్పి కుక్కరు ఇందులోకి, దుప్పట్లు అందులోకి మార్చే కుటుంబాలు కనిపించని రోజు ఉండదు. ఇంట్లోనే తూకం వేసుకుంటే ఆ అవస్థ తప్పుతుంది. కుక్కరు, గిన్నెలు అక్కడా దొరుకుతాయి. పెట్టెకు కట్టే అదనపు రుసుముతో వాటిని అక్కడే కొనవచ్చు.

మామిడి ఆవకాయ, కందిపొడి వంటివి గట్టిగా మూసిన పొట్లాల్లో పెద్ద పెట్టెలో పెట్టాలి. నూనె కారే పచ్చడిని చేతి సంచిలో అనుమతించరు. మాంసం పచ్చళ్లను, తాజా కరివేపాకును అమెరికా కస్టమ్స్ రానివ్వదు. నిమ్మజాతి తోటలను నాశనం చేసే తెగులును మోసే పురుగు కరివేపాకుపై ఉంటుందన్నది కారణం. తెచ్చినవి అడిగినప్పుడు ఉన్నదున్నట్లు చెప్పాలి. దాచితే జరిమానా. ఎండు కొబ్బరి తేలికగా నిప్పంటుకునే పదార్థం కనుక విమానాల్లో దానిపై ఆంక్షలున్నాయి. పవర్ బ్యాంకులు చేతి సంచిలోనే ఉండాలి, పెద్ద పెట్టెలో పెట్టకూడదు.

శంషాబాదా? గన్నవరమా?

ఖమ్మం వాసులకు శంషాబాద్‌తో పాటు గన్నవరం కూడా అందుబాటులోనే ఉంది. మధిర, సత్తుపల్లి ప్రాంతాల వారికి అదే దగ్గర. గన్నవరంలో ఎక్కి ఢిల్లీలో మారే ప్రయాణం ఒకే పీఎన్‌ఆర్‌పై దొరికితే, ధర కొంత ఎక్కువైనా హైదరాబాద్ వరకు కారు కిరాయి తగ్గుతుంది. రెండింటినీ పోల్చి చూడటం ఉత్తమం. ఇక్కడ ఒక మాట చెప్పక తప్పదు. టిక్కెట్‌లో రెండు వేలు మిగిల్చేందుకు పది రోజులు వెతికిన కుటుంబమే సాగనంపడానికి మూడు కార్లలో బంధువులను తీసుకెళ్తుంది. సాగనంపే వారిని విమానాశ్రయం లోపలికి ఎలాగూ అనుమతించరు.

తేదీ విషయంలో పొరపాటు పడేవారూ ఉన్నారు. శంషాబాద్ నుంచి చాలా అంతర్జాతీయ విమానాలు అర్ధరాత్రి దాటాక బయలుదేరుతాయి. మన లెక్కలో తెల్లవారితే గానీ రోజు మారదు. విమానాల లెక్కలో అర్ధరాత్రి దాటగానే మారుతుంది. టిక్కెట్‌పై ‘ఆగస్టు 12, ఉదయం 2.30’ అని ఉంటే 11వ తేదీ రాత్రి పదకొండున్నరకల్లా విమానాశ్రయంలో ఉండాలి. 12న భోజనం చేసి బయలుదేరితే విమానం వెళ్లిపోయి ఒక రోజు గడుస్తుంది. కౌంటర్లను సాధారణంగా గంట ముందే మూసివేస్తారు.

టిక్కెట్ ఖర్చు ఎవరిస్తారు?

విదేశీ విద్యకు బ్యాంకులు ఇచ్చే రుణంలో ప్రయాణ ఖర్చును కూడా చేర్చవచ్చు. భారతీయ బ్యాంకుల సంఘం నమూనా పథకంలోనే ఈ వెసులుబాటు ఉంది. దరఖాస్తు సమయంలో అంచనా ఖర్చుల పట్టికలో టిక్కెట్‌ను రాయకపోవడం వల్ల, తరువాత అధిక వడ్డీకి బయట అప్పు చేస్తున్నారు. రుణం మంజూరుకు ముందే ఈ విషయాన్ని బ్యాంకు మేనేజరు దృష్టికి తీసుకెళ్లాలి.

కేంద్ర సామాజిక న్యాయ శాఖ నిర్వహించే జాతీయ విదేశీ ఉపకార వేతనానికి ఎంపికైన ఎస్సీ తదితర వర్గాల విద్యార్థులకు ఎకానమీ తరగతిలో రానుపోను విమాన చార్జీలు లభిస్తాయి. రాష్ట్రంలో ఎస్సీ, ఎస్టీ విద్యార్థులకు అంబేడ్కర్ ఓవర్సీస్ విద్యానిధి, మైనారిటీ విద్యార్థులకు ముఖ్యమంత్రి ఓవర్సీస్ స్కాలర్‌షిప్ పథకాల్లో ఫీజు సాయంతో పాటు ఒకవైపు విమాన చార్జీకి పరిమితి మేరకు సాయం పొందే అవకాశం కల్పించారు. ప్రస్తుత పరిమితి ఎంతో జిల్లా సంక్షేమ శాఖ కార్యాలయాల్లో తెలుసుకోవచ్చు. ఈ సొమ్ము విద్యార్థి అక్కడికి చేరుకున్నాక వచ్చేదే. కాబట్టి ముందుగా టిక్కెట్ సొంత డబ్బుతోనే కొనక తప్పదు.

దేశంలోకి ప్రవేశించినట్లు చూపే పత్రం, టిక్కెట్ ప్రతి, ఏజెంటు రసీదు, బోర్డింగ్ పాసు ఆ సమయంలో అవసరమవుతాయి. ఐ-20 లేదా ప్రవేశ పత్రం, ఫీజు రసీదులు, ఆర్థిక పత్రాలను పెద్ద పెట్టెలో కాకుండా చేతి సంచిలో ఉంచుకోవాలి. 2015 డిసెంబరులో కాలిఫోర్నియాలోని రెండు విద్యాసంస్థలకు బయలుదేరిన విద్యార్థులను హైదరాబాద్‌లోనే విమానం ఎక్కనివ్వని ఉదంతం తెలిసిందే. ఏ విమానాశ్రయంలోనైనా అడిగేది ఈ కాగితాలనే. విమానం దిగగానే బోర్డింగ్ పాసును సీటు జేబులో వదిలేయకుండా, ఫొటో తీసి ఆ రోజే ఇంటికి పంపాలి.